2.0 అనే పిట్టకథ

ఒక సినిమా రివ్యూకీ, మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ లేకపోవడానికీ సంబంధం ఏంటంటారా? చెప్తా.

2020లో ఇంటి నుంచే పని చేసుకోమంటే లాప్‌టాప్ సర్దుకుని సింహాచలం వచ్చేశాను. కొండ దిగువన ఇల్లు. సంపెంగ వాసనకి లోటు లేదు గానీ సిగ్నల్‌కి కరువు. ప్రతి కాల్‌కీ మేడ మీదకి పరుగు. వీధి చివర టవర్ పెడతామని ఎవరో వస్తే కాలనీ పెద్దలు వద్దని పంపించేశారట. ఎందుకండీ అని పక్కింటి మావయ్యగారిని అడిగాను. "రజనీకాంత్ సినిమా చూళ్లేదేటి బాబూ? టవరెడితే పిట్టలు సచ్చిపోతాయి" అన్నారు.

ఆయన్నేమీ అనను. నా కోపమంతా 2018 నవంబరు 29న '2.0' వచ్చినప్పుడు రివ్యూలు రాసినవాళ్ల మీద. నేను చదివిన వాటిల్లో దాదాపు అన్నిటిదీ ఒకటే పాట: గ్రాఫిక్స్ అదుర్స్, త్రీడీ అదుర్స్, కథ కొంచెం వీకు, కానీ మంచి మెసేజ్. ఆ మెసేజ్ నిజమేనా అని అడిగినవాడు లేడు! బడ్జెట్ ఎన్ని వందల కోట్లో మాత్రం అందరికీ కంఠతా.

2010 నాటి 'రోబో' గుర్తు చేసుకోండి. మంటల్లో, స్నానాల గదిలో చిక్కుకున్న అమ్మాయిని చిట్టి ఉన్నపళంగా తెచ్చి అందరి ముందూ నిలబెడతాడు. ఆ పిల్ల సిగ్గుతో పరిగెత్తి బండి కింద పడి చచ్చిపోతుంది. ప్రాణం కాపాడమన్నారు, కాపాడాడు. రిక్వైర్‌మెంట్స్‌లో మానం అన్న మాటే లేదు మరి! మనం రోజూ చేసే తప్పే కదా అది. వశీకరణ్‌ని పొడవమని బోరా ఆజ్ఞాపించే సీన్ కూడా అంతే. ఎవరు చెప్పినా వినే యంత్రాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఇవాళ్టికీ మన నెత్తిన ఉంది.

సీక్వెల్లో ఏముంది? పక్షిరాజు టవర్‌కి ఉరేసుకుంటాడు, ఆరాగా మారి ఫోన్లని ఎగరేస్తాడు. శుభ్రమైన దెయ్యం కథ. కల్పన ఉండొద్దా అంటారేమో, ఉండాలి, ఫోన్లు హాయిగా ఎగరనివ్వండి. కానీ టవర్ల వల్ల పక్షులు చస్తున్నాయన్నది కల్పనగా చెప్పలేదే, ఫ్లాష్‌బ్యాక్ నిండా ఉపన్యాసంలా చెప్పారు! మొబైల్ తరంగాలకి అణువుల్ని అయనీకరించే శక్తి లేదు. మన దేశంలో 2012 నుంచి టవర్లకి పెట్టిన పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. 2020లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక ప్రకారం పిచ్చుకల సంఖ్య మొత్తం మీద పాతికేళ్లుగా నిలకడగానే ఉంది, మహానగరాల్లోనే తగ్గింది. దానికి టవర్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. గూటికి సందు, పిల్లలకి పురుగులు దొరక్కపోతే పిచ్చుక ఎలా బతుకుతుంది?

ఇందులో పెద్ద జోకేంటంటే, ఇది అశాస్త్రీయం అని విడుదలకి ముందే సెన్సార్ బోర్డుకి ఫిర్యాదు చేసింది సెల్యులార్ ఆపరేటర్ల సంఘం. టవర్లమ్ముకునేవాడు చెప్తే ఎవడు నమ్ముతాడు! సినిమా ఆపమనడమూ తప్పే. విమర్శకుడు రాయాల్సిన మాట వ్యాపారి నోట వచ్చి, ఎందుకూ కొరగాకుండా పోయింది.

మా వరండాలో కరెంటు మీటరు వెనక పిచ్చుకలు ఇప్పటికీ గూడు కడుతున్నాయి. మావయ్యగారు పాత పెంకుటిల్లు పడగొట్టి నున్నటి స్లాబు ఇల్లు కట్టించారు. అక్కడికి ఒక్కటీ రాదు. అదంతా టవర్ వల్లే అంటారాయన. ఆ రాని టవర్ వల్ల!