డిసెంబరు 4: పాటల దినము



ఒకే తేదీన వేర్వేరు సంవత్సరములలో జరిగిన సంగతులను ఒకచోట చేర్చి చూచుట వినోదమే కాదు, విద్య కూడ. పాటల విషయమున డిసెంబరు 4వ తేదీని పరిశీలింతము.

1922లో ఆ దినమున కృష్ణా జిల్లా గుడివాడ సమీపమందలి చౌటపల్లిలో ఘంటసాల వేంకటేశ్వరరావుగారు జన్మించిరి. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడువారు. ఆ పాటలే బాలునకు తొలి పాఠములు. తండ్రి గతించిన పిమ్మట సంగీతము నేర్వగోరి విజయనగరము చేరి, మధుకరముతో కడుపు నింపుకొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ శిష్యులైరి. 1974లో వారు కన్నుమూసినను వారి కంఠము నేటికిని మన యిండ్లలో వినబడుచునే యున్నది.

1956లో అదే దినమున అమెరికాలోని మెంఫిస్ నగరమున, సన్ రికార్డింగు శాలలో కార్ల్ పెర్కిన్స్ పాటలు రికార్డగుచుండగా ఎల్విస్ ప్రెస్లీ చూచిపోవ వచ్చెను. జెర్రీ లీ లూయిస్, జానీ కాష్ అను గాయకులును అచటనే యుండిరి. ముందుగా ననుకొనకయే వారు కలసి పాడసాగిరి. పాడినవానిలో పెక్కు చిన్ననాడు ప్రార్థనా మందిరములలో విన్న భక్తిగీతములు. ఎవరో టేపు యంత్రమును నడిపిరి గనుక అవి నిలిచినవి. 25 ఏండ్లకు, 1981లో, లోకమునకు రికార్డుగా అందినవి.

1971లో అదే దినమున స్విట్జర్లాండులోని మోంత్రో పట్టణమున ఫ్రాంక్ జప్పా కచేరి జరుగుచుండగా, ప్రేక్షకులలో నొకడు నిప్పు రవ్వలు చిమ్ము తుపాకి పేల్చినందున కాసినో భవనము దగ్ధమయ్యెను. రికార్డు చేయుటకు ఆ యూరికి వచ్చియున్న డీప్ పర్పుల్ బృందమువారు సరస్సుపై క్రమ్మిన ఆ పొగనే పాటగా కట్టిరి.

ఇంట విన్నది, బాల్యమున నేర్చినది, కన్నులార చూచినది పాట యగుచున్నది. అయితే దానిని ఎవరైన పదిలపరచిననే అది నిలుచును.

ఇక మన ఇస్లాపూర్ మాట. మెంఫిస్‌లో ఆ పాటలు వినబడుటకు సరిగా 33 దినములకు ముందు, 1956 నవంబరు 1న, ఆదిలాబాదు జిల్లా బోథ్ తాలూకాలో నుండిన ఇస్లాపూర్ సర్కిలు రాష్ట్రముల పునర్విభజనచే బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1 నుండి అది మహారాష్ట్రము. ఎల్ల మారినది గాని మన అవ్వల నాలుక మారలేదు. బతుకమ్మ పాటలు, జోలపాటలు, పెండ్లిలో పసుపు దంచు పాటలు వారి వెంటనే యున్నవి. వానిలో వ్రాతకెక్కినవి ఎన్ని?

“పాటలు పరీక్షలో రావు. మరాఠీ, ఇంగ్లీషు వచ్చిన చాలు” అని కొందరు తల్లిదండ్రులు తలంతురు. మరాఠీ మన రాష్ట్రభాష, చక్కగా నేర్వవలసినదే. కాని ఆ మరాఠీవారినుండియే మరియొక పాఠమును నేర్వవచ్చును. పల్లె స్త్రీలు తిరుగలి త్రిప్పుచు పాడు ఓవీలను హేమా రైర్కర్ మున్నగువారు ఊరూర తిరిగి, లక్షకు మించి సేకరించిరి. పాడినవారిలో పెక్కుమంది బడి ముఖము చూడనివారే. వారి పాటలు నేడు పండితులకు పాఠములైనవి.

మనకంత శ్రమ అక్కరలేదు. ప్రతి సంవత్సరము డిసెంబరు 4న ప్రతి విద్యార్థియు తన యింటి పెద్దల నోట విన్న ఒక్క పాటను తెలుగు లిపిలో వ్రాసి తేవలెను. పాడినవారి పేరు, ఊరు, ఏ సందర్భమున పాడుదురో క్రింద వ్రాయవలెను. అవ్వ పాటలో మరాఠీ మాటయో ఉర్దూ మాటయో దొర్లినచో దిద్దవలదు. అది ఈ నేల గురుతు. ఆ కాగితములను కుట్టి గ్రంథాలయమున నుంచవలెను.

బడిలో నేర్చిన అక్షరము ఇంటి పాటను వ్రాయుటకు ఉపయోగపడనిచో, మన తెలుగు పరీక్షలతోనే ముగియును. తల్లిదండ్రులారా! ఈ రాత్రి భోజనములైన పిమ్మట అవ్వను ఒక పాట పాడుమని అడుగుడు. ప్రక్కన బిడ్డను కలముతో కూర్చుండబెట్టుడు. మన యింట టేపు యంత్రము ఆ బిడ్డయే.