పేరు మారితే మారుమనస్సు అవుతుందా?

ఈమధ్య వ్యాపారులు మన చర్మపు రంగును మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ప్రతి రంగూ అందమే అంటున్నారు. మాట మంచిదే. అయితే ఆ మాట ఎవరి నోట వస్తుందో పరీక్షించి చూద్దాం.

మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకం 1975లో మొదలైంది. పల్లెల్లో చిల్లర కొట్టు దాకా ఆ క్రీము వచ్చింది. దానితోపాటు ఒక బోధ కూడా వచ్చింది: నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్లి కాదు. ఒక టీవీ ప్రకటనలో నల్లని కూతురు ఆ క్రీము రాసుకుని తెల్లబడి, విమానంలో ఉద్యోగం సంపాదించి, తండ్రి దిగులు తీర్చింది. మహిళా సంఘాలు పోరాడాకే అది ఆగింది.

2020 మే 25న అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద చనిపోయాడు. వర్ణవివక్ష మీద లోకమంతా గొంతెత్తింది. సరిగ్గా నెలకు, జూన్ 25న, హిందుస్తాన్ యూనిలీవర్ 'ఫెయిర్' అనే మాట తీసేస్తామంది. పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. ప్యాకెట్టు మీద రంగు పోల్చి చూపే గుర్తులను 2019లోనే తీసేశామనీ చెప్పుకుంది. అంతవరకు మేలే. కానీ క్రీము అంగట్లోనే ఉంది. అదే నెలలో జాన్సన్ అండ్ జాన్సన్ ఇక్కడ అమ్మే తన ఫెయిర్‌నెస్ క్రీమును పూర్తిగా ఆపేస్తామంది. అంటే ఆపడం అసాధ్యం కాదు.

ఇంకొక సంగతి. అదే యూనిలీవర్ వారి డవ్ 2004 నుంచి నిజమైన అందం గురించి స్త్రీలకు ధైర్యం చెబుతోంది. ఒకే ఇంటివారు ఒక గుమ్మంలో గాయం చేసి, మరో గుమ్మంలో మందు అమ్మితే దాన్ని ప్రేమ అనగలమా?

"జనం అడిగారు, మేము అమ్మాము" అంటారు. పెళ్లిచూపుల్లో రంగు అడగడం ఈ క్రీము కంటే పాతదే, కాదనం. కానీ పుండు మీద బతికే ఈగ పుండును మాన్పదు.

జక్కయ్యను చూడండి. ప్రభువు తన ఇంటికి వచ్చిన రోజున అతడు సుంకపు మెట్టు దగ్గర బోర్డు మార్చలేదు, డబ్బు సంచి విప్పాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. మారుమనస్సు నిజమైతే దాని ఖర్చు కనబడుతుంది.

కాబట్టి ఈ కంపెనీలను ఒక్కటే అడుగుదాం: మీ మాట నిజమైతే ఆ సరుకు వదులుకుంటారా? అంతవరకు వారి మెప్పు మన ఆడబిడ్డలకు అక్కరలేదు. వారిని చేసినవాడు, చేసిన రోజునే వారిని చూసి సంతోషించాడు.