ఒక పాఠం - ఇద్దరు అధ్యాపకులు

కొంత తరగతిలోను, కొంత అంతర్జాలం ద్వారాను సాగే మిశ్రమ బోధనను మన మిత్రులు కొందరు నిన్న మొన్నటి వింతగా భావిస్తున్నారు. 1982లో హైదరాబాదులో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం అచ్చు పాఠాలను, రేడియో ప్రసంగాలను, అధ్యయన కేంద్రాలలోని ముఖాముఖి తరగతులను జతపరచి బోధించినదే గదా! మారినది సాధనం. 2021లో యూజీసీ ఒక్కొక్క పాఠ్యాంశంలో 40 శాతం వరకు అంతర్జాలం ద్వారా బోధించవచ్చునని సూచించింది. ఇద్దరు కలిసి బోధించే చోట ఆ 40 శాతంలో ఏమి ఉండాలి, ఎవరెక్కడ నిలవాలి అన్నది మా ప్రశ్న.

ఉర్దూ శాఖలోని సహాధ్యాపకులతో కలిసి మేము అనువాద పాఠం చెబుతున్నాము. మొదట పనిని సులువుగా పంచుకొన్నాము. వారు తెర మీద, మేము తరగతిలో. ఒక్క మాటతో గుట్టు బయటపడింది. ‘తనఖా’ అనగా జీతమని వారి రికార్డు పాఠంలో విన్న విద్యార్థులు, తాకట్టు అని మా తరగతిలో రాసుకొన్నారు. పరీక్షలో ఏది రాయాలి? ఉర్దూలో జీతమైన మాటే తెలుగులోకి వచ్చి తాకట్టుగా మారిన వైనాన్ని ఇద్దరమూ ఒకే గదిలో నిలిచి చర్చించిన నాడు గాని ఆ చిక్కు వీడలేదు. (జీతం చేతికందక ముందే తాకట్టుపడే మా బోటివారికి రెండర్థాలూ ఒకటే!) ఆ గంటలో వెనుక బల్లలవారు సైతం తమ ఇళ్ళలోని మాటలు తెచ్చి మా ముందు పెట్టారు.

ఇక ప్రత్యక్ష ప్రసార పాఠం సంగతి. ఒక విద్యార్థిని ఇంట ఉన్నది ఒకే ఫోను. పగలంతా అది ఆటో నడిపే తండ్రి వెంట కాజీపేటలో తిరుగుతుంది. పది గంటల పాఠం ఆమెకు అందదు. రికార్డు చేసినదైతే రాత్రి వింటుంది, అర్థం కాకుంటే మళ్ళీ వింటుంది. కనుక వివరణ తెరకెక్కవచ్చును. వాదము, సందేహము, దిద్దుబాటు మాత్రం తరగతిలోనే జరగాలి. అక్కడ ఇద్దరు అధ్యాపకులూ ఉండాలి.

దీనికి అడ్డు పనిగంటల లెక్క. ఒక గంటలో ఇద్దరు నిలిస్తే చెరి అరగంట అని రాయడం ఏమి న్యాయం? మరొకరి పాఠం వింటూ, ఎక్కడ కలుగజేసుకోవాలో కనిపెట్టుకొని ఉండడం విశ్రాంతి కాదు. అంతర్జాలం ఉండగా రెండవ అధ్యాపకుడెందుకని అడిగే పెద్దలు ఒక్కనాడు మా తరగతికి విచ్చేసి, వెనుక బల్ల మీద కూర్చొనవలసినదిగా కోరుతున్నాము.