కుందేలుకి ఆపరేషనా?



పోయిన నెల బియ్యం పురుగు గురించి రాస్తే చాలామంది బాగుందన్నారు. ఈ నెల కుందేళ్ళ గురించి రాస్తున్నా. నవ్వకండి. మన చింతాద్రిపేట సందుల్లో ఇప్పుడు ఇంటికో కుందేలు పెట్టె కనపడతా వుంది. పిల్లలు ఏడిస్తే ఆదివారం సంతకి తీసుకుపోయి, బుట్టలోంచి రెండు తెల్ల పిల్లల్ని కొనిస్తారు. ఆరు నెలలకి రెండు పన్నెండవుతాయి. అప్పుడు ఏం చెయ్యాలో తెలియక చీకటి పడ్డాక కూవం గట్టున వదిలేసి వస్తారు. తెల్లారేసరికి కుక్కలు వాటి పని ముగిస్తాయి. మా మల్లికి ఆపరేషన్ చేయించినాక మూడు ఇళ్ళ వాళ్ళు వచ్చి ఎట్లా చేశావు, ఎక్కడ చేశావు అని అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తుంది.

కుందేలు సంగతి ముందు తెలుసుకోవాలి. నాలుగైదు నెలలకే అది ఈడుకి వస్తుంది. చూలు ముప్పై, ముప్పై ఒక్క రోజులే. ఈనిన రోజే మగదాన్ని దగ్గరికి రానిస్తే మళ్ళీ చూలు నిలుస్తుంది. దానికి నెల నెలా లెక్క ఏమీ లేదు, మగది కలిసినప్పుడే అండం విడుదల అవుతుంది. అందుకే అంత వేగం.

ఇది ఒక కారణం. రెండోది ఇంకా పెద్దది. ఆపరేషన్ చెయ్యని ఆడ కుందేలుకి వయసు పెరిగే కొద్దీ గర్భసంచిలో కేన్సర్ గడ్డ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కొన్ని జాతుల్లో నాలుగేళ్ళు దాటినవాటిలో సగానికి పైన కనపడిందని డాక్టర్లు రాసి పెట్టారు. మా వెనక వీధిలో ఒక ఇంట్లో కుందేలు మూత్రంలో రక్తం పడుతుంటే, బీట్‌రూట్ తిన్నదేమో అనుకున్నారు. బీట్‌రూట్ తిన్నా మూత్రం ఎర్రగా రావడం నిజమే. కానీ అది తగ్గలేదు. నాలుగున్నరేళ్ళకే పోయింది. ఆ ఇంటి పిల్లవాడు వారం రోజులు బడికి పోలేదు.

మా ఇంట్లో రెండు. ఆడది మల్లి, మగది శీను. అమ్మినవాడు రెండూ ఆడవే అన్నాడు. వేపేరి ఆస్పత్రిలో డాక్టరమ్మ తిప్పి చూసి, "ఇది మగది, ఆడది కాదు" అంది. వేపేరి అంటే మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రి. 1903లో డాబిన్ హాల్ అనే చిన్న భవనంలో మొదలైన కాలేజీ అది. మనకి ఆటోలో దగ్గరే. ఆవులకి, కుక్కలకి మాత్రమే అనుకునేవాళ్ళు చాలామంది. కుందేళ్ళనీ చూస్తారు.

ముందు శీనుకి చేయించాం. మగదానికి ఆపరేషన్ చిన్నది. కానీ చేసిన వెంటనే నిశ్చింత కాదు, లోపల మిగిలిన విత్తనం వల్ల ఆరు వారాల దాకా ఆడదానికి చూలు నిలవొచ్చు. అందుకని మధ్యన కోళ్ళ జాలీ కట్టాం. జంట కలిసిన కుందేళ్ళని పూర్తిగా విడదీస్తే బెంగ పడతాయి, మళ్ళీ కలిపితే కొట్టుకుంటాయి. జాలీకి ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి వీపు ఆనించుకుని పడుకునేవి. ఆరు వారాలూ అట్లాగే గడిచింది.

మల్లి ఆపరేషన్ సంక్రాంతి అయినాక పెట్టుకున్నాం. మన ఊరి ఎండకి కుందేలు తట్టుకోలేదు, ముప్పై డిగ్రీలు దాటితేనే రొప్పుతుంది. చిత్తిరై ఎండల్లో ఆపరేషన్ అంటే ప్రమాదం మీద ప్రమాదం. చేయించేవాళ్ళు మార్గశిరం, పుష్యం మాసాలు చూసుకోండి.

మా పెద్దవాడు ఆ రోజుల్లో ఒక మాట అన్నాడు: "అమ్మా, మూడొందల కుందేలుకి ఇంత ఖర్చా? పోతే ఇంకోటి కొంటే పోలా?" నేను అన్నాను: "మూడొందలు అమ్మినవాడి లెక్క. ఒక చెయ్యి పోతే గేటు దగ్గర ఇంకో చెయ్యి వుందని మిల్లులో మనల్నీ అట్లాగే లెక్క పెట్టారు కదా." వాడు ఇంకేమీ అనలేదు. పొద్దున్నే ఆటో వాడే పిలుచుకొచ్చాడు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతులు ఒక్కోటి చెబుతా.

మనకి ఆపరేషన్ అంటే ముందు రోజు రాత్రి నుంచి పస్తు పెడతారు. కుందేలుని పస్తు పెట్టకూడదు. మనుషులకి మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందనే భయం. కుందేలుకి వాంతి అనేదే రాదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతా వుండాలి, ఆగితేనే చావు. అందుకని చివరి దాకా గరిక పెట్టాం. సంచిలో కూడా గరిక, కొత్తిమీర పట్టుకుపోయాం. పూలకొట్లో వినాయకుడికి అమ్మే గరిక వుంటుందే, అదే. మేము ఎక్కువ కొని మేడ మీద నీడన ఆరబెట్టి వుంచుతాం.

ఇద్దర్నీ ఒకే బుట్టలో తీసుకుపోయాం. ఒకరికి ఒకరు ధైర్యం. పైగా ఇద్దరికీ ఆస్పత్రి వాసన అంటుతుంది. ఒక్కదాన్నే తీసుకుపోయి తెస్తే, ఇంట్లో వున్నది వాసన తేడాగా వుందని కొత్తదాన్ని చూసినట్టు కొరుకుతుంది. ఆస్పత్రిలో కుక్కలు అరుస్తా వుంటాయి, బుట్ట మీద గుడ్డ కప్పి ఒక మూలన కూర్చోండి.

మన ఆడవాళ్ళకి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో గొట్టాలు మాత్రం కడతారు. కుందేలుకి గర్భసంచి, అండాశయాలు రెండూ తీసేస్తారు. గర్భసంచి పోతేనే ఆ కేన్సర్ భయం పోయేది. బరువు తూచి, ఆ బరువుకి సరిపడా మత్తు ఇస్తారు. పొట్ట మీద బొచ్చు గొరిగి చిన్న కోత కోస్తారు.

సాయంత్రం చేతికిచ్చేసరికి మల్లి చెవులు చల్లగా వున్నాయి. మత్తు దిగేటప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది. సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టాం. పక్కన మాత్రమే, మీద కాదు. వేడి ఎక్కువైతే తను జరగడానికి చోటుండాలి. రంపపు పొట్టు తీసేసి నేల మీద ఉతికిన తువ్వాలు పరిచాం, పొట్టు కుట్టుకి అంటుకుంటుంది. ఎక్కే పీటలు, పెట్టెలు అన్నీ తీసేశాం. ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద. చెవులు పట్టి ఎత్తకండి. వెనక కాళ్ళు ఆనించకపోతే తన్నుకుని, తన వెన్ను తనే విరగ్గొట్టుకుంటుంది.

ఇక అసలు కష్టం తర్వాతే. మన తరం ఆడవాళ్ళలో ఆ ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే మిల్లు గేటు దగ్గర నిలబడినవాళ్ళు చాలామంది వున్నారు. నొప్పి నోటితో చెప్పకుండా పని చేసుకోవడం మనకి తెలుసు. కుందేలూ అంతే. నొప్పి చూపిస్తే గద్దో పిల్లో తినేస్తుందని దాని పుట్టుకలోనే భయం. మూలగదు, అరవదు. మనమే చూసి కనిపెట్టాలి. ముడుచుకుని కూర్చోవడం, కళ్ళు సగం మూయడం, పళ్ళు గట్టిగా కొరకడం, ఇష్టమైనది పెట్టినా మొహం తిప్పుకోవడం - ఇవి గుర్తులు. అన్నిటికన్నా పెద్ద గుర్తు పెంటికలు. పెంటికలు పడుతుంటే పేగు కదులుతున్నట్టు. అవి ఆగితే గడియారం మొదలైనట్టే.

మా మనవరాలు నోటు పుస్తకంలో గీతలు గీసి, టైము, తిన్నది, పెంటికలు అని మూడు వరసలు పెట్టింది. మేము షిఫ్టులు వేసుకున్నాం. నైట్ షిఫ్టు నాది, ఆ అలవాటు పోలేదు కదా. రాత్రి పదికి ఏమీ లేదు. రెండింటికి కొత్తిమీర కాడలు రెండు తింది. తెల్లవారుజామున చిన్న పెంటికలు నాలుగు. మర్నాడు మధ్యాహ్నం దాకా బాగుంది. సాయంత్రం నాలుగు నుంచి తినడం ఆపేసింది. పుస్తకంలో రాత్రంతా సున్నాలే. పళ్ళు కొరికే చప్పుడు చీకట్లో వినపడతా వుంది, మగ్గం మీద దారం తెగే ముందు వచ్చే చప్పుడు లాగా.

తెల్లారగానే మళ్ళీ వేపేరి. పేగు నెమ్మదించిందని చెప్పి చర్మం కింద సెలైన్ ఎక్కించారు, నొప్పికి, పేగు కదలడానికి మందిచ్చారు. ముద్ద తినిపించడం నేర్పారు. కుందేలు మేతని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి, సిరంజితో నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పొయ్యకూడదు. ఇంకో మాట: పొట్ట ఉబ్బి గట్టిగా వుంటే డాక్టరు చూడకుండా బలవంతంగా తినిపించొద్దు. లోపల అడ్డం పడి వుంటే ప్రాణానికే ముప్పు.

ఆ మధ్యాహ్నం మల్లి మూలన ముడుచుకుని వుంది. శీను కూడా పొద్దుట నుంచి సరిగ్గా తినలేదు. నొప్పి మందు పని చెయ్యడం మొదలైనట్టుంది, మల్లి కాళ్ళు కొంచెం చాపింది. శీను వెళ్ళి దాని చెవులు నాకాడు. తర్వాత గరిక పోగు దగ్గరికి పోయి నమలడం మొదలెట్టాడు. మల్లి ఆ చప్పుడు విని తల ఎత్తింది, జరిగింది, ఒక పోచ లాక్కుంది. మా పెద్దవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు, చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు. రాత్రి తొమ్మిదికి మనవరాలు "పదకొండు!" అని అరిచింది. ఎదురింటివాళ్ళు క్రికెట్ అనుకుని స్కోరెంత అని అడిగారు.

తర్వాత రోజులు నెమ్మదిగా గడిచాయి. రోజూ రెండుసార్లు కుట్టు చూశాం. ఎర్రబడినా, ఉబ్బినా, తడి కారినా వెంటనే చూపించాలి. పది పన్నెండు రోజులకి మానింది. నాకకుండా మెడకి ప్లాస్టిక్ గొట్టం కడతారు కుక్కలకి. కుందేలుకి అది అడ్డం. ఎందుకంటే కుందేలు మెత్తటి పెంట ఒకటి వేసి, దాన్ని నేరుగా నోటితో అందుకుని తింటుంది. అసహ్యించుకోకండి, దాని బలం అందులోనే వుంది. గొట్టం వుంటే అందదు. అందుకని నేను పాత కాటన్ బనీను చెయ్యి కత్తిరించి, కాళ్ళకి కన్నాలు పెట్టి చిన్న జుబ్బా కుట్టాను. నడుము దగ్గర వదులుగా, తోక వైపు తెరిచి.

మందుల విషయం జాగ్రత్త. మన ఇంట్లో పిల్లలకి వాడి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ కుందేలు నోట్లో పొయ్యకండి. దాని పేగులో వుండే మంచి క్రిములు చచ్చిపోయి కుందేలే పోతుంది. తలనొప్పి బిళ్ళలు కూడా వద్దు. డాక్టరు ఇచ్చింది, ఇచ్చిన కొలతే.

జంట విషయం. ఆపరేషన్ అయినదాని మీదికి రెండోది ఎక్కుతున్నా, తరుముతున్నా రెండు రోజులు మధ్యన జాలీ కట్టండి, కానీ ఒకరికొకరు కనపడాలి. నెమ్మదిగా వుంటే కలిసే వుండనివ్వండి. కొన్ని వారాలకి ఒంట్లో మిగిలిన వేడి దిగి, ఆడది గుర్రుమనడం, గోనె చించడం తగ్గుతాయి. మల్లి ఇప్పుడు మా కాళ్ళ దగ్గరే పడుకుంటుంది.

అందరికీ రెండు ఆపరేషన్లూ వెంటనే కుదరవు, ఆ సంగతి నాకు తెలుసు. కుదరకపోతే ముందు మగదానికి చేయించండి, పిల్లల సంత ఆగుతుంది. ఆరు వారాలు జాలీ మరవొద్దు. ఆడదానికి ఏడాదో రెండేళ్ళో దాటకముందే డబ్బు కూడబెట్టుకోండి. ఆ స్తోమత లేదనుకుంటే కొననే కొనకండి, పిల్లల చేత ఏడిపించుకోండి, ఒక పూట ఏడ్చి మానేస్తారు. కొన్నాక మాత్రం కూవం గట్టు దారి పట్టొద్దు.

వేపేరికి మొదటిసారి పోవడానికి బెరుకుగా వున్నవాళ్ళు మన పత్రిక ఇంటింటికీ పంచే అబ్బాయితో నాకు కబురు చెయ్యండి. పొద్దున పూట ఖాళీయే, తోడు వస్తాను. గరిక కూడా నేనే తెస్తా.