గ్రహణచక్రము : సిద్ధాంతపాఠమునకు ఒక పరీక్ష

విశ్వావసు నామ సంవత్సర భాద్రపద పౌర్ణమి, అనగా 2025 సెప్టెంబరు 7 నాటి రాత్రి, తెలుగునాట సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించినది. రాత్రి 9 గంటల 57 నిమిషములకు స్పర్శ, 11 గంటల 41 నిమిషములకు మధ్యము, తెల్లవారుజాము కాకముందే 1 గంట 26 నిమిషములకు మోక్షము. ఈ కాలములు పంచాంగములలో ముందుగనే అచ్చుపడినవి. గృహస్థులు వానిని చూచి స్నానజపాదులను ఆచరించిరి. దేవాలయములు కవాటబంధనము చేసినవి. అయితే ఆ మూడు కాలములు ఎట్లు సిద్ధించినవని ఒక విద్యార్థి అడిగినచో, పలకయు బలపమును చేతబూని మొదటినుండి తుదివరకు గణించి చూపగల అధ్యాపకులు ప్రాచ్యకళాశాలలలో ఎందరు ఉందురు? ఈ ప్రశ్న అప్రియమైనదే. కాని సూర్యచంద్రులే సాక్షులుగా గల శాస్త్రమును బోధించువారు దీనిని తప్పించుకొనజాలరు.

గ్రహణాధికారమును శ్లోకవ్యాఖ్యానముగా చెప్పుట నేడు పరిపాటియైనది. పదవిభాగము, అన్వయము, తాత్పర్యము, పరీక్షలో ఒక వ్యాసప్రశ్న: ఇంతటితో పాఠము ముగియుచున్నది. ఛాద్యచ్ఛాదక నిర్ణయమును కంఠస్థము చేసిన విద్యార్థి ఒక్క గ్రహణమునైనను గణింపకయే పట్టభద్రుడగుచున్నాడు. గణితము దీర్ఘమనియు, విద్యార్థులకు అంకగణితమందు అభ్యాసము చాలదనియు చెప్పబడు సమాధానమున కొంత సత్యము లేకపోలేదు. కావున సులభమైన ప్రవేశద్వారము కావలెను. చంద్రగ్రహణములు చక్రముగా మరల మరల వచ్చు తీరు అట్టి ద్వారము.

పై గ్రహణమునకు పూర్వులను వెదకినచో ఈ విషయము స్పష్టమగును. 2007 ఆగస్టు 28న, 1989 ఆగస్టు 17న సంపూర్ణ చంద్రగ్రహణములు కలిగినవి. అంతకు పూర్వము విరోధికృత్ సంవత్సర శ్రావణ పౌర్ణమి రాత్రి, 1971 ఆగస్టు 6 తెల్లవారిన 7వ తేదీని, 1 గంట 13 నిమిషములకు మధ్యమైన మరియొక సంపూర్ణ గ్రహణము కలదు. వీని మధ్య అంతరము ప్రతిసారియు పదునెనిమిది సంవత్సరములు, పదియో పదునొకండో దినములు, దానిపై సుమారు ఏడున్నర గంటలు. ఇవి వేర్వేరు గ్రహణములుగా కనబడినను ఒకే కుటుంబమునకు చెందినవి. ఆధునికులు ఈ కుటుంబమును 128వ సంఖ్యతో గుర్తింతురు.

ఈ పునరావృత్తికి కారణమును తెలియుటకు అన్యగ్రంథముల నాశ్రయింప నక్కరలేదు. సూర్యసిద్ధాంతమందలి భగణములు చాలును. మహాయుగమున సావనదినములు 1,57,79,17,828. చంద్రభగణములు 5,77,53,336. ఇందుండి సూర్యభగణములు 43,20,000 తీసివేయగా చాంద్రమాసములు 5,34,33,336 వచ్చును. పాతము విలోమగతి కలది గనుక దాని భగణములు 2,32,238ని చంద్రభగణములకు కలుపవలెను. అప్పుడు చంద్రుడు పాతమును మరల చేరు ఆవృత్తులు 5,79,85,574 అగును. మందోచ్చభగణములు 4,88,203ని తీసివేయగా మందకేంద్రభగణములు 5,72,65,133 లభించును. సావనదినములను ఈ మూడు సంఖ్యలచే వేరువేరుగ భాగించినచో ఒక్కొక్క ఆవృత్తికి పట్టు కాలము తెలియును.

ఇక విద్యార్థి చేయవలసినది గుణకారమే. 223 చాంద్రమాసములు 6585 దినముల 19 ఘడియలు. 242 పాతావృత్తులు 6585 దినములు, సుమారు 22 ఘడియలు. 239 మందకేంద్రావృత్తులు 6585 దినముల 33 ఘడియలు. పౌర్ణమి, పాతసామీప్యము, చంద్రుని దూరము అను మూడును ఇంచుమించు ఒకే కాలమున పూర్వస్థితికి వచ్చుచున్నవి. పౌర్ణమి లేనిదే చంద్రగ్రహణము లేదు. పాతసామీప్యము లేనిచో విక్షేపము అధికమై చంద్రుడు భూచ్ఛాయను తాకడు. మందకేంద్రము మారినచో బింబప్రమాణము, గతి మారి గ్రహణపరిమాణము మారును. మూడును కలిసివచ్చుట చేతనే పదునెనిమిదేండ్ల పిమ్మట వచ్చు గ్రహణము పూర్వగ్రహణమును పోలియుండును. ఆధునిక వేధలచే లభించిన మానములతో గణించినను ఈ ఫలములయందు ఒక ఘడియకు మించిన భేదము రాదు. సిద్ధాంతకర్తల భగణములు ఎంత సూక్ష్మములో విద్యార్థికి దీనివలన స్వయముగా బోధపడును. ఒకరు చెప్పగా నమ్మిన గౌరవము కంటె తాను గణించి తెలిసికొన్న గౌరవము దృఢతరము.

మిగిలిన 19 ఘడియలే ఈ చక్రమందలి రహస్యము. అవి దినమునందు ఇంచుమించు మూడవవంతు. 1971లో అర్ధరాత్రి దాటిన పిమ్మట మధ్యమైన గ్రహణము 1989లో ఉదయము 8 గంటల 38 నిమిషములకు, 2007లో సాయంకాలము 4 గంటల 7 నిమిషములకు మధ్యమైనది. ఆ రెండు వేళలయందును తెలుగునాట చంద్రుడు క్షితిజమునకు క్రిందనే ఉండెను. మూడు ఆవృత్తులు గడచి, ఏబదినాలుగేండ్లపై ఒక మాసమునకు, 2025లో గ్రహణము మరల రాత్రివేళకు వచ్చినది. తాత చూచిన గ్రహణమును మనుమడు చూచుట యన్నమాట. ఇందుండియే దేశాంతరసంస్కారము ఏల కావలెనో విద్యార్థికి ఒక్క ఉదాహరణముతో తెలియజెప్పవచ్చును.

మాసనామమందలి మార్పును గూడ ఇచ్చటనే చూపవచ్చును. 1971, 1989, 2007 గ్రహణములు మూడును శ్రావణ పౌర్ణమినాడు కలిగినవి. 2025 గ్రహణము మాత్రము భాద్రపదమున కలిగినది. పదునెనిమిది సంవత్సరముల శుద్ధమాసములు 216. వానికి ఏడు అధికమాసములు చేరినచో 223 పూర్తియై అదే మాసము వచ్చును. 1989 – 2007 నడుమ ఏడు అధికమాసములు వచ్చినవి. 2007 శ్రావణము నుండి 2025 వరకు ఆరు మాత్రమే వచ్చినందున గ్రహణము తరువాతి మాసమునకు జరిగినది. అధికమాసనిర్ణయము, గ్రహణగణితము రెండు వేరు అధ్యాయములని తలచు విద్యార్థికి అవి ఒకే కాలమానమునకు రెండు ముఖములని ఇచ్చట తెలియును.

కుటుంబమునకు జననమరణములును కలవు. పౌర్ణమికిని పాతావృత్తికిని గల రెండు మూడు ఘడియల అంతరము వలన ప్రతి ఆవృత్తియందును చంద్రుడు పాతము నుండి సుమారు అర్ధాంశము జరుగును. అందుచేత కుటుంబము భూచ్ఛాయ యొక్క ఒక అంచున ఉపచ్ఛాయాగ్రహణముగా పుట్టి, ఖండగ్రహణమై, సంపూర్ణమై, తిరిగి క్షీణించి రెండవ అంచున ముగియును. 128వ కుటుంబము 1304లో మొదలై 2566లో ముగియును. దానియందు 71 గ్రహణములు. 2025 నాటిది 41వది. 1845 నుండి 2097 వరకు వచ్చు పదునైదు మాత్రమే సంపూర్ణములు. సంపూర్ణగ్రాసకాలము 1989లో 96 నిమిషములు, 2007లో 90, 2025లో 82. కుటుంబము ఛాయామధ్యమును దాటి అంచువైపునకు మరలినదని ఈ క్షయమే చెప్పుచున్నది. విక్షేపమునకును స్థిత్యర్ధమునకును గల సంబంధమును బోధించుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఇచ్చట ఒక వివాదమును ఎదుర్కొనక తప్పదు. ఈ చక్రమును సూత్రముగా గుర్తించి వాడినవారు బాబిలోను దేశపు గణకులు. వారి మృత్ఫలకములు అందులకు సాక్ష్యము. నేడు వాడుకలోనున్న 'సారోస్' అను పేరును 1691లో ఎడ్మండ్ హేలీ దీనికి అన్వయించెను. ఆ పదమునకు మూలార్థము 3600 అను సంఖ్య. ఈ చరిత్రను విని కొందరు, చక్రము పరదేశీయము గనుక సిద్ధాంతపాఠమున దానికి తావు లేదందురు. మరికొందరు, సమస్తమును పూర్వులకు తెలియునని చెప్పి, గ్రంథమున లేని సూత్రమును గ్రంథమునకు అంటగట్టుదురు. రెండును శాస్త్రమునకు హితములు కావు. చక్రము సూర్యసిద్ధాంతమున విధిగా చెప్పబడలేదు. కాని దాని భగణములయందు గర్భితమై యున్నది. ఈ రెండు వాక్యములను కలిపి చెప్పుటయే సత్యము.

సిద్ధాంతకర్తలు చక్రములను ఎరుగనివారు కారు. వేదాంగజ్యోతిషమందలి యుగము అయిదేండ్లలో 62 చాంద్రమాసములు గల చక్రమే. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో సంగ్రహించిన రోమకసిద్ధాంతమున 2850 సంవత్సరముల యుగము కలదు. 248 దినములలో చంద్రుని మందకేంద్రము తొమ్మిది ఆవృత్తులు చేయునను దానిపై దక్షిణదేశపు చంద్రవాక్యములు ఆధారపడినవి. ఐనను గ్రహణవిషయమున వారు అహర్గణము, మధ్యమము, స్ఫుటము, విక్షేపము అను సుదీర్ఘమార్గమునే గైకొనిరి. చక్రము గ్రహణము వచ్చునని చెప్పగలదు. ఒక ఊరిలో స్పర్శ ఎన్ని ఘడియలకో, మోక్షము ఎన్ని ఘడియలకో నిర్ణయింపజాలదు. పైని చెప్పిన నాలుగు గ్రహణముల మధ్యకాలములను పోల్చినను ఇది తెలియును. మధ్యమమానము చేత దినములకు పైబడిన కాలము ప్రతిసారియు 7 గంటల 42 నిమిషములు కావలెను. వాస్తవముగా అది 7 గంటల 25 నిమిషములు, 29 నిమిషములు, 34 నిమిషములుగ వచ్చినది. ఆ కొరత స్ఫుటసంస్కారము యొక్క ప్రయోజనమును చాటుచున్నది. స్నానకాలమును, మోక్షకాలమును ఘడియలలో కోరు ధర్మమునకు స్ఫుటగణితమే శరణ్యము. కావున చక్రము సిద్ధాంతమునకు ప్రతినిధి కాదు, దానికి పరీక్ష మాత్రమే.

పరీక్షింపవచ్చునా యని సంశయించువారు పూర్వాచార్యుల ఆచరణమును స్మరింపవలెను. కేరళదేశీయుడైన వటశ్శేరి పరమేశ్వరుడు 1393 నుండి 1432 వరకు తాను చూచిన గ్రహణములను సిద్ధాంతదీపికలో నమోదు చేసెను. ఆ దీర్ఘవేధకు ఫలముగా 1431లో దృగ్గణితమును రచించెను. నీలకంఠ సోమయాజి జ్యోతిర్మీమాంసలో సిద్ధాంతములను వేధచే పరీక్షించి సంస్కరింపవలెనని ప్రతిపాదించెను. గణేశదైవజ్ఞుడు 1520 నాటి గ్రహలాఘవమున ఏ గ్రహమునకు ఏ పక్షము దృష్టితో సరిపోవునో చూచి స్వీకరించెను. చెన్నపురి వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును వనపర్తిలో వీక్షించిరి. దృగ్గణిత పంచాంగమును ప్రకటించిరి. వీరిలో ఎవరును శాస్త్రమును తృణీకరించినవారు కారు. శాస్త్రమును ఆకాశముతో సరిచూచుటయే దానికి చేయు సేవయని తలచినవారు. తిథుల విషయమున దృక్పక్ష పూర్వపక్షముల నడుమ ఎంత వివాదమున్నను, గ్రహణమందు దృక్సామ్యము ఉండవలెననుటలో ఎవ్వరికిని విప్రతిపత్తి లేదు.

గణనయంత్రము క్షణములో ఫలము నిచ్చుచుండగా ఈ శ్రమ ఏలయని మరియొక ఆక్షేపము కలదు. యంత్రము ఫలము నిచ్చును, ఉపపత్తిని ఇయ్యదు. నిఘంటువు చేతనున్నదని వ్యాకరణమును వదలిన సంస్కృతపాఠశాల ఎచ్చటను లేదు. జ్యోతిషమున మాత్రము ఉపపత్తిని వదలి ఫలమును అరువు తెచ్చుకొనుట సమ్మతమైనది. ఇట్లే మరి రెండు తరములు గడచినచో సూర్యసిద్ధాంతమును అన్వయించువారు ఉందురు గాని, దానితో ఒక గ్రహణమును సాధించువారు ఉండరు. అప్పుడది శాస్త్రము కాక స్తోత్రమగును.

చేయవలసినది పెద్ద వ్యయముతో కూడినది కాదు. సిద్ధాంతతరగతిలో మొదట భగణములనుండి 223 మాసముల చక్రమును సాధింపజేయవలెను. పిమ్మట పాత పంచాంగములను గ్రంథాలయము నుండి తీయించి ఒక కుటుంబపు గ్రహణములను వరుసగ వ్రాయింపవలెను. అటుపై సూర్యసిద్ధాంతరీతిని గాని గ్రహలాఘవరీతిని గాని రానున్న ఒక గ్రహణమునకు స్పర్శమధ్యమోక్షములను గణింపజేసి, ఆ రాత్రి కళాశాల ప్రాంగణమున గడియారముతో నిలిపి, వచ్చిన భేదమును వ్రాయింపవలెను. ఆ భేదమును దాచక పరీక్షాపత్రమున చూపినవానికి మార్కులు తగ్గింపరాదు. భేదమునకు హేతువు చెప్పినవానికి అధికముగా ఈయవలెను.

తగిన గ్రహణము దూరమున లేదు. కీలక నామ సంవత్సర పుష్య పౌర్ణమి, 2028 డిసెంబరు 31 రాత్రి 10 గంటల 22 నిమిషములకు మధ్యముగా సంపూర్ణ చంద్రగ్రహణము రానున్నది. తెలుగునాట చంద్రుడు అప్పటికి ఉన్నతముగా ఉండును. దానికి ఏబదినాలుగేండ్ల పూర్వపు తోబుట్టువు 1974 నవంబరు 29 నాటి కార్తిక పౌర్ణమి గ్రహణము. నాడు విద్యార్థులుగా దానిని చూచినవారిలో పలువురు నేటి విశ్రాంతాధ్యాపకులు. వారు నాటి అనుభవమును చెప్పగా, నేటి విద్యార్థి తన గణితమును చేతబట్టి ఆకాశమువైపు చూచినచో గ్రహణకుటుంబముతోబాటు గురుపరంపరయు ఒక ఆవృత్తిని పూర్తిచేయును. అందులకు ఇప్పటినుండియే అహర్గణసాధనము మొదలుపెట్టవలెను.