చివరి రౌండ్‌లో మిగిలే ఎండీఎస్ సీటు



నీట్ ఎండీఎస్ కౌన్సెలింగ్ వచ్చిందంటే మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ వచ్చేలా ఉంది, తీసుకోనా, వదిలేయనా?" వెంటనే పదిమంది "వదిలెయ్, దాంట్లో ఏముంది" అంటారు. నిన్నమొన్నటిదాకా మేమూ అదే అన్నాం. ఇప్పుడు అనలేకపోతున్నాం.

ఎందుకంటే బీడీఎస్ అయ్యాక మాలో కొందరం మాదాపూర్, కొండాపూర్ క్లినిక్కుల్లో చేరాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన చోటు నుంచి ఎటు నడిచినా పళ్ల క్లినిక్ బోర్డే. లోపల అలైనర్లు, ఇంప్లాంట్లు, పళ్లు తెల్లబరచడం. కొంచెం అవతల, నానక్‌రాంగూడ వైపు, కట్టే బిల్డింగుల పక్కన రేకుల షెడ్లు. అక్కడ కూలీల్లో పాలమూరు తండాల వాళ్లున్నారు, ఒడిశా, జార్ఖండ్ ఆదివాసులున్నారు. పొద్దున్నే బుగ్గలో ఖైనీ. గుట్కా తిని తిని నోట్లో రెండు వేళ్లు కూడా పట్టనివాళ్లను చూశాం. వాళ్లు మా క్లినిక్ మెట్లెక్కరు. వాళ్ల దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి. ఆ వెళ్లడమే ఈ బ్రాంచి పని.

మూడేళ్ల కోర్సు ఇది. స్కూళ్లలో, బస్తీల్లో, పల్లెల్లో క్యాంపులు, సర్వేలు, లెక్కలు, ఒక థీసిస్. "డ్రిల్లు పట్టని డాక్టర్" అని వెక్కిరిస్తారు. వెక్కిరించనీయండి. శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి మీద ఏం జరుగుతోందో 1971లో లోకానికి తెలిసింది 10,169 మంది నోళ్లు ఓపిగ్గా చూసిన సర్వే వల్ల. నల్లగొండ పిల్లల గోధుమరంగు పళ్లనే తీసుకోండి. పన్ను చిగురులోపల తయారవుతున్నప్పుడే ఫ్లోరైడ్ పాడు చేస్తుంది. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి మీద మీద బాగుచేయడమే, అదీ డబ్బున్నవాళ్లకు. అసలు మందు మంచి నీళ్లు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

ఇంకోటి. తండాలో గోర్‌బోలీలో, గూడెంలో కోయలో "ఎన్నేళ్ల నుంచి నములుతున్నావ్ అవ్వా?" అని అడగగలిగే పీజీ ఎంతమంది? ఆ ప్రశ్న మనం అడిగితే వచ్చే జవాబు వేరు.

అయితే ఉద్యోగం సంగతి దాచం. ఈ ఎండీఎస్ చేసినవాళ్లకు ప్రభుత్వంలో పోస్టులు చాలా తక్కువ. ఎక్కువమంది ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరుతున్నారు, లేకపోతే మళ్లీ అదే మాదాపూర్ కుర్చీ దగ్గరికి వస్తున్నారు. మాకు తెలిసిన ఒక సీనియర్ మూడేళ్లు చదివొచ్చి ఇప్పుడు ఐటీ ఉద్యోగులకు క్లీనింగ్ చేస్తోంది. తప్పు ఆమెది కాదు. తెలంగాణలో 2022లో మన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతమైంది, సంతోషమే. కానీ పోస్టే లేని చోట పది శాతం అంటే ఎంత? ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల్లో ఒక్కో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్ పోస్టు పెట్టమని మన సంఘాలు ఎందుకు అడగవు? హాస్టల్ మెస్ బిల్లుల కోసం ధర్నా చేసిన మనకు ఒక వినతిపత్రం రాయడం కష్టమా?

ఈసారి ఆ సీటు వచ్చినవాళ్లు వదిలేసే ముందు మాతో ఒక్కసారి మాట్లాడండి. ఫీజు ఎంత, స్టైపెండ్ నిజంగా చేతికిస్తారా, నెలకు ఎన్ని రోజులు ఫీల్డుకు పంపుతారు అని ఆ కాలేజీ సీనియర్లనే అడగండి. వినతిపత్రం డ్రాఫ్టు మేము మొదలుపెట్టాం, ఐటీడీఏ ఊళ్లవాళ్లు సంతకాలకు ముందుకు రండి.