గోడ కింద గొట్టం

బ్యాంకులో 20 ఏళ్లకు పైగా ఇంటి అప్పుల కాగితాలు చూసినవాణ్ణి. ప్లానులో గోడలు, కిటికీలు, చదరపు అడుగులు అన్నీ ఉంటాయి. మురుగు గొట్టం ఎటు పోతుందో మాత్రం ఎవరూ గీయరు. కోవిల్పట్టిలో మా ఇంటి వెనుక గది వేసుకున్నప్పుడు నేనూ గీయించలేదు.

మా పాత గొట్టం అడుగు లోతులోనే ఉంది. కంకర లారీ దాని మీదుగానే వెనక్కు వచ్చింది. ఆ రోజు ఏమీ తెలియలేదు. ఐప్పసి వానలు పడ్డాక సంపు నీళ్లు వాసన వేశాయి. మనవడికి వాంతులు, విరేచనాలు. 3 రోజులు ఆసుపత్రిలో ఉన్నాము. తవ్వి చూస్తే గొట్టం చిట్లి, మురుగు సంపు గోడలోకి ఊరుతోంది. మన ఊళ్లలో నీళ్లు పట్టి దాచుకోక తప్పదు కదా, అందుకే ఇంత చెబుతున్నాను.

నేల సంగతి మీకు తెలిసిందే. కి. రాజనారాయణన్ గారి కథల్లోని కరిసల్ భూమి, మన నల్లరేగడి. ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. లోతు లేని గొట్టం దానితోపాటే కదులుతుంది. సిమెంటుతో బిగించిన అతుకులు విడిపోతాయి.

అందుకని విరుదునగరులో మా చెల్లెలు వరండా పెంచుతానంటే, పునాదికి ముగ్గు పోయక ముందే వెళ్లాను. "అన్నయ్యా, నువ్వు అప్పు లెక్క చూడు, గొట్టం మేస్త్రీ చూసుకుంటాడు" అంది. బావగారు నవ్వారు.

రెండు ఛాంబర్ల మూతలు తీయించి, మధ్య దారం లాగి చూశాము. గొట్టం సరిగ్గా కొత్త గోడ కిందుగా పోతోంది! పక్కకు తిప్పితే మేలు, కానీ అక్కడ చోటు లేదు. పలుగు దెబ్బ తగలకుండా నెమ్మదిగా తవ్వించి, పాతది తీసి, రబ్బరు రింగుల అతుకులతో 110 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టం ఇసుక పరుపు మీద వేయించాము. వాలు 40 అడుగులకు 1 అడుగు. గోడ దాటే చోట పైన కాంక్రీటు లింటల్ వేసి, గొట్టం చుట్టూ 2 అంగుళాల ఖాళీ వదిలాము. గోడ కాస్త దిగినా బరువు గొట్టం మీద పడదు. బండి తిరిగే చోట ఇసుక కప్పి, ఆపైన కాంక్రీటు పలకలు, ఇరుపక్కల గట్టి నేల మీద ఆనేటట్టు పరిచాము. వరండాలోకి వచ్చే ఛాంబరును బయటికి జరిపించాము. లేకపోతే పండుగ పూట చుట్టాల మధ్య మూత తీయవలసి వస్తుంది!

పూడ్చక ముందు కింది చివర మూసి, నీళ్లు నింపి గంటసేపు కూర్చున్నాము. మేస్త్రీ విసుక్కున్నాడు. ఒక అతుకు చెమర్చింది. ఆయనే దిగి సరిచేశాడు.

గోడ నుంచి గొట్టానికి ఎన్ని అడుగులో కొలిచి, బొమ్మ గీసి, ఇంటి పత్రాలతో పెట్టించాను. అప్పు తీరాక కూడా ఆ కాగితం చించవద్దని చెల్లెలికి చెప్పి బస్సెక్కాను.